జ్వరాల డాక్టరు కావాలంటే ఎన్నేళ్లు చదవాలి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు మొదట పాత జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. అంతలో కిందటిసారి హాస్టల్‌కి వచ్చినప్పుడు పదో తరగతి తమ్ముడొకడు అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చింది. "అన్నా, గుండెకి డాక్టరున్నాడు, ఎముకలకి డాక్టరున్నాడు. మరి జ్వరాలకి ప్రత్యేకంగా డాక్టరుంటాడా? ఉంటే ఏం చదవాలి?" అన్నాడు. బస్సు టైమైపోతోందని "ఉంటాడు, ఈసారి చెబుతా" అని వచ్చేశాను. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాను.

హాస్టల్లో నేర్చుకున్న మొదటి పాఠం

ఇక్కడికి రాకముందు ఎనిమిదో తరగతి వేరే ఊరి హాస్టల్లో చదివాను. ఆ ఊరి పేరు ఇక్కడ అనవసరం. ఒకే హాల్లో అరవై మందిమి పడుకునేవాళ్లం. ఒకడికి ఆటలమ్మ పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు గాని, వాడి చాప మాత్రం మా మధ్యనే ఉండిపోయింది. రెండు వారాలు తిరిగేసరికి మరో నలుగురికి పోసింది. దాంతో అందరూ భయపడిపోయి, మమ్మల్ని ఒక్కరోజులో ఇళ్లకు పంపేశారు. పెట్టెలతో పాటు జబ్బునూ మోసుకుని ఎవరి ఊరికి వాళ్లం పోయాం. మా ఇంట్లో ముందు నాకు, తర్వాత చెల్లికి వచ్చింది. మా పక్కింటి వదిన నిండు చూలాలు. ఆమెకూ వచ్చింది. వదిన బతికింది, బిడ్డ దక్కలేదు.

అమ్మవారికి కోపం వచ్చిందన్నారు. మేమూ అలాగే నమ్మాం. చాలా ఏళ్ల తర్వాత మెడికల్ కాలేజీలో ఆటలమ్మ పాఠం చదివాను. ఒంట్లో చేరిన పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో బయటపడుతుంది. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుతుంది. పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా అంటుతూనే ఉంటుంది. కాన్పు దగ్గరపడిన తల్లికి వస్తే పుట్టే బిడ్డకు ప్రాణాపాయం. అది చదివి పుస్తకం మూసేశాను. ఆనాడు మమ్మల్ని పంపేయకుండా, పొక్కులున్న వాళ్లను వేరే గదిలో ఉంచి, ఇంతకుముందు ఆటలమ్మ వచ్చిపోయిన వాళ్లతో అన్నం పంపించి, మిగిలినవాళ్లను మూడు వారాలు గమనిస్తే సరిపోయేది. అంత చిన్న సంగతి చెప్పేవాడు అక్కడ ఒక్కడూ లేకపోయాడు. అది చెప్పగలిగినవాడే జ్వరాల డాక్టరు. పుస్తకాల భాషలో అంటువ్యాధుల నిపుణుడు. ఇంగ్లీషులో ఇన్ఫెక్షస్ డిసీజెస్ స్పెషలిస్టు అంటారు.

ఈ డాక్టరు ఏం చేస్తాడు?

ఈ డాక్టరు చేతిలో కత్తి ఉండదు. అతని ముఖ్యమైన పనిముట్లు ప్రశ్నలు. ఏ ఊరు, ఏ పని చేస్తారు, ఏ నీళ్లు తాగుతారు, ఇంట్లో పశువులున్నాయా, ఇంకెవరికైనా ఇలాగే ఉందా అని ఓపికగా అడుగుతాడు. రోగిని తల నుంచి పాదం దాకా చూస్తాడు. ఆ తర్వాతే రక్తపరీక్ష.

స్క్రబ్ టైఫస్ అనే జ్వరం సంగతి చూడండి. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని చిన్న నల్లిపిల్ల కుట్టడం వల్ల వస్తుంది. చాలామందిలో అది కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉంటుంది. కాని చంకలోనో, గజ్జల్లోనో, నడుము మడతలోనో ఉండటంతో రోగికే తెలియదు. బట్ట తొలగించి వెతికిన డాక్టరుకే కనిపిస్తుంది. కనిపిస్తే డాక్సీసైక్లిన్ అనే చవక మందుతో తగ్గిపోతుంది. కనిపెట్టలేకపోతే మలేరియా అని, టైఫాయిడ్ అని సెలైన్లు ఎక్కిస్తూ కాలం గడిపేలోగా ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇవి గాక టీబీ, హెచ్.ఐ.వి., ఎంతకీ తగ్గని జ్వరాలు, ఆపరేషన్ చేసినచోట పట్టే చీము, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు వచ్చే ఇన్ఫెక్షన్లు, అన్నీ ఈ శాఖ కిందికే వస్తాయి. ఆసుపత్రిలో ఒక రోగి జబ్బు పక్క మంచం మీది రోగికి పాకకుండా చూడటం కూడా ఈయన బాధ్యతే. ఏ యాంటీబయాటిక్ ఎప్పుడు వాడాలి, ఎప్పుడు ఆపాలి, అసలు ఎప్పుడు వాడకూడదు అని తోటి డాక్టర్లకు చెప్పేదీ ఈయనే. పడిశానికి కూడా యాంటీబయాటిక్ కొనుక్కుని మింగే అలవాటు వల్ల క్రిములు మొండికేస్తున్నాయి. అందుచేత ముందు ముందు ఈ పని మరింత పెరుగుతుంది.

మన నేల, మన జ్వరాలు

కృష్ణా డెల్టా అంటే కాలువలు, వరిచేలు, చేపల చెరువులు. అన్నం పెట్టే నీళ్లే జబ్బులూ తెస్తాయి. బోదకాలు మన తాతల నాటి నుంచీ కోస్తా జిల్లాల్లో ఉన్నదే. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో, బురదలో పనిచేసేవాళ్లకు లెప్టోస్పైరోసిస్ వస్తుంది. నాట్లు వేసే కూలీలు దీనికి ముందు బలవుతారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, నీళ్లు తీసిన తర్వాత ఏ జ్వరాలు వస్తాయోనని డాక్టర్లు కంగారుపడింది ఇందుకే.

2003 వేసవి చివర మన ఉమ్మడి రాష్ట్రంలో పిల్లలకు మెదడువాపు వచ్చింది. పరిశోధకులు లెక్కకు తీసుకున్న 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు. దానికి కారణం చాందీపుర వైరస్ అని తర్వాత తేల్చారు. హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి కావడం వల్ల, 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఆ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు తొలి విడతలోనే మన రాష్ట్రం ఉంది. 2020లో కోవిడ్ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

అదే ఏడాది డిసెంబరులో, ఇక్కడికి దగ్గర్లోని ఏలూరులో ఉన్నట్టుండి జనం మూర్ఛ వచ్చి పడిపోయారు. నాలుగైదు రోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఇది అంటుకుంటుందా? పరీక్షలు చేస్తే కోవిడ్ కాదని తేలింది. మెదడువాపు తెచ్చే వైరస్‌లూ దొరకలేదు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. చివరకు పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణమై ఉండవచ్చని నిపుణులు చెప్పారు. చూశారా, "ఇది అంటువ్యాధి కాదు" అని ధైర్యంగా చెప్పడానికి కూడా అంటువ్యాధులు తెలిసిన మనిషే కావాలి.

మెట్లు ఇవీ

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. మొత్తం నాలుగు మెట్లు.

మొదటి మెట్టు: ఇంటర్ బైపీసీ. ఆ తర్వాత నీట్ పరీక్ష. 720 మార్కులకు 180 ప్రశ్నలు. అందులో 90 జీవశాస్త్రం, 45 భౌతికశాస్త్రం, 45 రసాయనశాస్త్రం. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తారు. దరఖాస్తులో ఆ భాష ఎంచుకోవాలి. ఒకసారి రాకపోతే మళ్లీ రాయవచ్చు. ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి ఇప్పటివరకు లేదు. ఒక హెచ్చరిక: "క్వాలిఫై" కావడం వేరు, సీటు రావడం వేరు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు 40 పర్సంటైల్ వస్తే క్వాలిఫై అయినట్టే. కాని సర్కారు కాలేజీలో సీటు రావాలంటే అంతకంటే చాలా ఎక్కువ రావాలి. ఈ తేడా తెలియక ఫలితాల రోజు మిఠాయిలు పంచి, కౌన్సెలింగ్ రోజు ఏడ్చినవాళ్లను చూశాను.

రెండో మెట్టు: ఎం.బి.బి.ఎస్. నాలుగున్నరేళ్ల చదువు, ఒక ఏడాది హౌస్ సర్జన్. కలిపి ఐదున్నరేళ్లు. మనకు దగ్గర్లో విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీ, గుంటూరు మెడికల్ కాలేజీ సర్కారువి. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. అందులో 2018లో మొదటి బ్యాచ్ చేరింది. మన పక్కనే చినఅవుటపల్లిలో పిన్నమనేని సిద్ధార్థ కాలేజీ ఉంది. అది ప్రైవేటు. రెండో ఏడు మైక్రోబయాలజీ వస్తుంది. చాలామంది ఈ సబ్జెక్టును క్రిముల పేర్ల జాబితా అని విసుక్కుంటూ చదువుతారు. జ్వరాల డాక్టరు కాదలచినవాడు మాత్రం ప్రేమగా చదవాలి.

మూడో మెట్టు: ఎం.డి. మూడేళ్లు. నీట్ పీజీ పరీక్ష రాసి చేరాలి. ఎక్కువమంది జనరల్ మెడిసిన్ తీసుకుని వెళతారు. పిల్లల జబ్బుల మీద ఇష్టం ఉంటే పీడియాట్రిక్స్ తీసుకుంటారు. వార్డు, క్యాజువాలిటీ, రాత్రి డ్యూటీలు అన్నీ ఇక్కడే. మనిషి నిజంగా డాక్టరయ్యేది ఈ మూడేళ్లలోనే అని నా అభిప్రాయం.

నాలుగో మెట్టు: డి.ఎం. ఇన్ఫెక్షస్ డిసీజెస్. ఇదీ మూడేళ్లే. ఢిల్లీ ఎయిమ్స్, వేలూరు సి.ఎం.సి. వంటి చోట్ల ఈ కోర్సు ఉంది. దీనికి నీట్ ఎస్.ఎస్. పరీక్ష. ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థలకు వేరే పరీక్ష ఉంటుంది. గుండె, కిడ్నీ శాఖలతో పోలిస్తే ఈ శాఖ మన దేశంలో కొత్తది. అందుకే సీట్లు కొద్ది, చదివినవాళ్లు ఇంకా కొద్ది.

లెక్క వేసుకోండి. ఐదున్నర, మూడు, మూడు. మొత్తం పదకొండున్నరేళ్లు. పద్దెనిమిదో ఏట ఎం.బి.బి.ఎస్.లో చేరినవాడు మధ్యలో ఎక్కడా ఆగకపోతే ముప్ఫైకి నిపుణుడవుతాడు. పరీక్షల కోసం ఒకటి రెండేళ్లు పోతే ముప్ఫై రెండు.

విదేశాలకు వెళ్లే దారీ ఉంది. అమెరికాలో అక్కడి అర్హత పరీక్షలు రాసి, మూడేళ్లు ఇంటర్నల్ మెడిసిన్, ఆపైన రెండేళ్లు ఫెలోషిప్ చేయాలి.

డబ్బు సంగతి

పదకొండున్నరేళ్లు అనగానే మనవాళ్ల గుండె జారిపోతుంది. "ఇన్నేళ్లు ఇంట్లో ఎవరు పోషిస్తారు?" అని మా నాన్న కూడా అడిగాడు. కూలి డబ్బులతో నడిచే ఇంట్లో అది న్యాయమైన ప్రశ్న. కాని చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇంటి మీద ఆధారపడేది మొదటి నాలుగున్నరేళ్లే. హౌస్ సర్జన్ నుంచి నెలనెలా స్టైపెండ్ వస్తుంది. ఎం.డి.లో అంతకంటే ఎక్కువ వస్తుంది. డి.ఎం.లో ఇంకొంచెం ఎక్కువ. అంటే ఆఖరి ఏడేళ్లు చదువుకుంటూనే ఇంటికి డబ్బు పంపవచ్చు. నేను హౌస్ సర్జన్ మొదటి స్టైపెండ్‌తో మా ఇంటి పైకప్పు రేకులు మార్పించాను.

ఆ మొదటి నాలుగున్నరేళ్లకు సర్కారు కాలేజీ ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. రిజర్వేషన్ ఉంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. కాలేజీ హాస్టల్ ఉంటుంది. ఈ నిబంధనలు తరచు మారుతుంటాయి కనుక ఆ ఏటి ప్రకటన మీరే చదువుకోండి. ఎవరో చెప్పింది నమ్మవద్దు.

మరో మాట. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ ఒక ప్లాస్టిక్ కవరులో భద్రం చేసుకోండి. హాస్టల్ పిల్లలం ఊళ్లు మారుతూ చదువుతాం. కౌన్సెలింగ్ ముందురోజు ఏడో తరగతి చదివిన బడి కోసం పరుగెత్తిన అనుభవం నాకుంది. ఆ రోజు హెడ్మాస్టరు గారు సెలవులో ఉన్నారు. ఆయన ఇల్లు వెతుక్కుని సైకిల్ మీద వెళ్లాను.

విదేశాల్లో ఎం.బి.బి.ఎస్. ఇప్పిస్తామని విజయవాడలో బోర్డులు పెట్టుకున్న ఏజెంట్లు చాలామంది ఉన్నారు. అక్కడ చదివొచ్చినవాళ్లు ఇక్కడ మళ్లీ అర్హత పరీక్ష గట్టెక్కాలి. చాలామంది మొదటిసారి గట్టెక్కలేకపోతున్నారు. ఈ సంగతి అమ్మానాన్నలకు చెప్పకుండా అరెకరం అమ్మించవద్దు.

తెలుగు మీడియం భయం

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఎం.బి.బి.ఎస్. మొదటి ఏడు అనాటమీ పుస్తకంలో ఒక పేజీ చదవడానికి రెండు గంటలు పట్టేది. మొదటి ఇంటర్నల్ పరీక్షలో తప్పాను. ఎవరికీ చెప్పలేదు. రోజూ పది మాటలు ఒక నోటుపుస్తకంలో తెలుగు అర్థంతో రాసుకున్నాను. ఏడాది తిరిగేసరికి భయం పోయింది. ఇక వార్డులోకి వెళ్లాక మన భాషే మనకు బలమైంది. రోగి "ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది బాబూ" అంటే ఇంగ్లీషు మీడియం మిత్రులు తెల్లబోయేవారు. నాకు వెంటనే అర్థమయ్యేది. నాటుకూలి ఏ బురదలో ఎంతసేపు నిలబడుతుందో, పందుల దొడ్డి ఇంటికి ఎంత దూరంలో ఉంటుందో, తాగే నీళ్లు ఏ చెరువువో నాకు పుస్తకం చెప్పక్కర్లేదు. ఈ శాఖలో సగం విద్య ప్రశ్నలు అడగడమే అని ముందే చెప్పాను గదా. ఆ సగం మనం చిన్నప్పుడే చదివేశాం.

అన్ని మెట్లూ ఎక్కలేకపోతే?

నిజం చెప్పాలి. నేను డి.ఎం. చేయలేదు. రెండుసార్లు పరీక్ష రాశాను, సీటు రాలేదు. చెల్లి పెళ్లి దగ్గరపడింది. ఎం.డి. జనరల్ మెడిసిన్‌తో ఆగి ఉద్యోగంలో చేరాను. కొన్నాళ్లు బాధపడ్డాను. కాని ఈ మెట్లలో మంచి సంగతి ఏమిటంటే, ఏ మెట్టు మీద ఆగినా అక్కడ నిలబడటానికి చోటుంది. ఎం.బి.బి.ఎస్.తో ఆగినవాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరు కావచ్చు. ఊళ్లో అంటువ్యాధి వస్తే మొదట కనిపెట్టేది అతనే. ఊళ్లమ్మట తిరిగి జబ్బు ఎక్కడ పుట్టింది, ఎలా పాకింది అని తవ్వితీసే విద్య నేర్చుకోవాలంటే చెన్నైలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ ఉంది.

ల్యాబ్ దారి కూడా చిన్నది కాదు. మన దేశంలో హెచ్.ఐ.వి. ఉందని 1986లో మొదట కనిపెట్టింది మద్రాస్ మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగం. ఎం.డి. విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల తన పరిశోధన వ్యాసం కోసం రక్త నమూనాలు సేకరించారు. దారి చూపింది ఆమె ప్రొఫెసర్ సునీతి సోలమన్. ఒక విద్యార్థిని రాసిన థీసిస్ దేశానికి కళ్లు తెరిపించింది.

ఎం.బి.బి.ఎస్. సీటే రాకపోతే? నర్సింగ్ ఉంది, ల్యాబ్ టెక్నాలజీ ఉంది. మన గన్నవరంలోనే ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది. పశువుల డాక్టరుకు అంటువ్యాధులతో ఏం పని అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ముందు పరుగెత్తింది వాళ్లే. రేబిస్, ఆంత్రాక్స్, బ్రూసెల్లోసిస్ వంటివి జంతువుల నుంచే మనిషికి వస్తాయి. అక్కడ ఆపితే ఇక్కడిదాకా రావు.

భీమవరం కుర్రవాడు

చివరగా ఒకాయన గురించి చెప్పి ముగిస్తాను. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసరుకు కోపం వచ్చింది. దాంతో ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో పోయారు. ఆయన 1920ల మొదట్లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు చదివారు. తర్వాత లెడర్లీ కంపెనీలో పరిశోధనకు నాయకత్వం వహించారు. బోదకాలుకు వాడే డి.ఇ.సి. మాత్ర ఆ పరిశోధనల్లోంచి వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డుగ్గర్ కనిపెట్టింది కూడా ఆయన నాయకత్వంలోనే. అది 1948లో వెలుగులోకి వచ్చింది. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఇందాక స్క్రబ్ టైఫస్‌కి వాడతారని చెప్పిన డాక్సీసైక్లిన్ ఆ జాతిదే. లెప్టోస్పైరోసిస్‌కి కూడా అదే వాడతాం. వార్డులో ఆ పేరు చీటీ మీద రాసినప్పుడల్లా, మూడోసారికి మెట్రిక్ గట్టెక్కిన భీమవరం కుర్రవాడు నాకు గుర్తొస్తాడు. ఒకసారి తప్పినంత మాత్రాన దారి మూసుకుపోదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇదీ: పదకొండున్నరేళ్లు. నేను మూడో మెట్టు దాకా వచ్చాను. నాలుగోది నువ్వు ఎక్కితే చూడాలని ఉంది. ఈలోగా హాస్టల్లో ఎవరికైనా పొక్కులు కనిపిస్తే వార్డెన్ గారికి చెప్పి ముందు వేరే గదిలో ఉంచండి. డాక్టరుకు చూపించండి. ఎవరినీ తొందరపడి ఇంటికి పంపవద్దు. ఇంటి పక్కన ఏ వదిన నిండు చూలాలై ఉందో మనకు తెలియదు.

ఉంటాను.

ఇట్లు,
మీ హాస్టల్ పూర్వ విద్యార్థి